గేరు కడ్డీ

లింగస్వామి తన తల్లి శవాన్ని నల్లగొండ దవాఖాన నుంచి తిరుమలగిరికి కిరాయి కారులో తెస్తున్నాడు. కారు బాగా పాతది. గేరు న్యూట్రల్‌లోకి రాకపోతే అందులో తాళంచెవి తిరగదు. చీకటి పడ్డాక, చుట్టూ ఊరన్నది లేనిచోట బండి ఆగి, గేరు ఇరుక్కుపోయింది.

డ్రైవర్ ఐలేశం కారు కిందికి దూరి, చేత్తో తడిమి, లోపలి గేరుతోపాటు కదిలే కడ్డీని పట్టుకున్నాడు.

"లింగన్నా, లోపల గేరు జర గుంజు!"

కడ్డీ కొంచెం కదిలింది.

"ఇంకోపారి గట్టిగ గుంజే!"

ఈసారి కడ్డీ పూర్తిగా జరిగింది. పైన తాళంచెవి తిరిగిన చప్పుడు వినిపించింది.

"బతికినమన్నా! ఇగ ఏం ముట్టకు, నేను బయటికొస్తున్న."

చాలా దూరంగా, చేన్ల అవతల నుంచి లింగస్వామి కేక వినబడింది.

"ఐలేశం! గొల్లోళ్ల గుడిసెల ఎలుగుకు కందీలు దొరికింది. తెస్తున్న, అమ్మను జర చూస్తుండు!"

ఐలేశం వెనక్కి పాకబోతే చొక్కా ఏదో ఇనుముకు తగులుకుంది. గుంజినా రాలేదు.

తలమీద ఇంజన్ మొదలైంది. చెంప పక్కనున్న కడ్డీ మెల్లగా జరిగింది.