గోడ మీద పాడే పిట్ట

ఆ గోడ ముందు ఫొటోలు దిగి చప్పట్లు కొట్టింది మీరే. పిట్ట ఎంత గొంతెత్తి పాడుతోందని మురిసింది మీరే. మెచ్చుకోవడం కూడా తప్పేనా అంటారా? ముందు ఇది వినండి.

వీధి చిత్రకారులకు రంగులిచ్చే సంస్థ ఒకటి గోదావరిఖనిలో అంగన్‌వాడీ గోడ మీద సంపత్‌తో ఆ పిట్టను వేయించింది. నెల తిరక్కుండానే, అతిథులొస్తున్నారు మెరుగులు దిద్దమని అతన్ని మళ్లీ పంపింది. అతను కుంచె తీసేసరికి పక్కనున్న ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో బ్లాస్టింగ్ సైరన్ మోగింది. నేల అదిరింది. లోపల పిల్లల పళ్లేలు గలగలమన్నాయి.

"ఏం గీసినవ్ బిడ్డా! రోజింత నోరు తెరుస్తున్నది. మా పోరగాళ్లలెక్క దీనికి గూడ ఆకలైతున్నట్టుంది," అని నవ్వింది ఆయా పూలమ్మ.

సంపత్ నవ్వలేదు. పిట్ట నోట్లో కుంచె పెట్టాడు. అది గోడ పగులులోంచి లోపలికి పోయింది. అవతలి నుంచి ఎవరో పిల్ల దాన్ని పట్టుకుని, కిలకిలా నవ్వుతూ గుంజింది.

"అవ్వా, నేను మూసిన ముక్కు గీసిన," అన్నాడు సంపత్.

ఈ పిల్లల తల్లిదండ్రులుగా మా డిమాండ్లు:

పిల్లల్ని ఇప్పుడే బయటికి తేవాలి.

వాళ్లకు వేరే జాగా చూపేదాకా బ్లాస్టింగ్ ఆపాలి.

పిట్ట నోరు పూడ్చి రంగు వెయ్యొద్దు.