ఆఖరి రెండు గజాలు

"ఊరి నోట్లో మట్టి కొట్టావు కోచ్. వాళ్ళు గెలవలేదు. నువ్వు ఓడించావు."

శనివారం పొద్దున్న లోరా హోటల్లో అడుగుపెట్టగానే కోచ్ వేడ్ ప్రూయిట్‌కి వినపడిన మొదటి మాట అది. అన్నది ఒఫీలియా రెంటెరియా. పాన్‌కేకులు తింటున్న వాళ్ళంతా ఫోర్కులు ఆపి తలలు తిప్పారు.

కోచ్ టోపీ తీశాడు. "గుడ్ మార్నింగ్, మిస్ ఒఫీలియా," అని, ఓ కాఫీ చెప్పి నిలబడ్డాడు. కూర్చోమని ఎవరూ అనలేదు.

పశ్చిమ టెక్సస్‌లో ఆ డన్‌లీ ఊరు ఎలాంటిదంటే, బడి పైకప్పు కారితే కింద బకెట్ పెడతారు. అదే బడి అమెరికన్ ఫుట్‌బాల్ మైదానంలో ఒక్క దీపం ఆరితే ఊరంతా చందాలు వేసుకుంటారు. అక్కడ శుక్రవారం ఓడిన కోచ్‌కి శనివారం కాఫీ దొరకడమే ఎక్కువ.

నిన్న జరిగింది ఇది. ఆట ముగియబోతోంది. డన్‌లీ నాలుగు పాయింట్లు వెనక. బంతితో గీత దాటితే ఆరు పాయింట్లు, గెలుపు. దాటడానికి రెండే గజాలు, మిగిలింది ఒక్కటే ప్రయత్నం. బంతి చంకన పెట్టుకుని గోడనైనా గుద్దుకుంటూ పోయే నాండో, ఒఫీలియా మనవడు, మైదానంలోనే ఉన్నాడు. కోచ్ వాణ్ణి బయటికి పిలిచి బెంచీ మీద కూర్చోబెట్టాడు. బంతి ఎల్లిస్ అనే బక్కపిల్లాడికి ఇప్పించాడు. ఎల్లిస్ మీద అవతలి జట్టంతా పడింది. కథ కంచికి.

"రెండు గజాలు," అన్నాడు పత్తి మిల్లు డబ్, రెండు వేళ్ళు చూపిస్తూ. "మా అత్త నడుం నొప్పితో కూడా దాటేస్తుంది."

"నిన్ను తన్నుకుంటూ అయితే ఊరే దాటేస్తుంది," అంది లోరా కాఫీ పోస్తూ.

హోటలంతా నవ్వింది. ఒఫీలియా నవ్వలేదు. ఆమె కళ్ళు మూల బల్ల మీదే ఉన్నాయి. అక్కడ నాండో టోపీ కళ్ళ మీదికి లాక్కుని కూర్చున్నాడు. ఎదురుగా హాలిస్ అనే పెద్దమనిషి. యూనివర్సిటీ జట్టుకి కుర్రాళ్ళని ఏరడం అతని పని. అతను సరేనంటే నాలుగేళ్ళ చదువు, తిండి, వసతి అన్నీ యూనివర్సిటీవే. కాదంటే డబ్ గాడి పత్తి మిల్లు. మోటెల్లో గదులు ఊడ్చే ఒఫీలియాకి మూడో దారి కనపడలేదు.

"నువ్వు కంచె పట్టుకుని కోచ్ మీద అరవడం గ్యాలరీ పైనుంచి చూశాం, మిస్ ఒఫీలియా," అన్నాడు డబ్. "నీ మాట విని కుర్రాడికి బంతి ఇచ్చుంటే పండగ చేసుకునేవాళ్ళం."

"గదులు ఊడ్చేదాని మాట ఎవడు వింటాడు?" అందామె.

హాలిస్ కప్పు కింద పెట్టాడు. "నాకు ఒక్కటే అర్థం కావట్లేదు. అంత ఆటగాణ్ణి సరిగ్గా ఆ టైములో ఎందుకు కూర్చోబెట్టినట్టు? కుర్రాడికేమైనా అయిందా?"



"అయింది కోచ్‌కి," అంది ఒఫీలియా. "బుర్రకి."

మళ్ళీ నవ్వులు. పెట్రోలు బంకు రస్క్ మాత్రం గడ్డం గోక్కున్నాడు. "అది సరే. అంతకు ముందు నాండో అవతలి జట్టు బెంచీ వైపు నడిచాడేం?"

"వాళ్ళని ఓదార్చడానికి. ఓడిపోతారనుకున్నాడు పాపం. మా వాడిది జాలిగుండె."

రస్క్ బల్ల చరిచి మరీ నవ్వాడు. ఆ సందట్లో నాండో తలెత్తాడు. "అమ్మమ్మా, ఎంత తేడాతో గెలిచాం?"

"విన్నావా కోచ్, కుర్రాడు ఎలా ఎత్తిపొడుస్తున్నాడో?" అన్నాడు డబ్. "సిగ్గుంటే ఆ కాఫీలో దూకు."

హాలిస్ కోచ్ వైపు తిరిగాడు. "మీరే చెప్పండి. ఎందుకు?"

కోచ్ కప్పులోకి చూశాడు. "వాళ్ళంతా నాండో కోసమే కాచుక్కూర్చున్నారు. ఏమారుద్దామనుకున్నా. తప్పు నాది. కుర్రాడిది కాదు."

"సోమవారం బడి బోర్డు మీటింగు," అన్నాడు డబ్. "నీ ఉద్యోగం ఉండదు."

"తెలుసు," అన్నాడు కోచ్.

హాలిస్ మొహం తేటపడింది. బుర్రలేని కోచ్‌లని అతను చాలామందిని చూశాడు. లేచి నాండో చెయ్యి పట్టుకుని ఊపాడు. "మా వైపు నుంచి ఖాయం. ఆగస్టులో కలుద్దాం." నాండో నవ్వి తలూపాడు. లోరా చప్పట్లు మొదలెట్టింది. అందరూ అందుకున్నారు. అతని కారు హైవే ఎక్కేదాకా ఒఫీలియా గుమ్మంలోనే నిలబడింది.

కోచ్ టోపీ పెట్టుకుని బయటికి నడిచాడు.

"ఆగు. ఇంకా అయిపోలేదు," అంటూ ఒఫీలియా అతని వెంట పడింది.

హోటలంతా కిటికీ దగ్గరికి చేరింది. ట్రక్కు పక్కన కోచ్ తల వంచుకుని నిలబడ్డాడు. ఒఫీలియా వేలు అతని గుండె మీద పొడుస్తోంది. అద్దంలోంచి మాట వినపడదు.

"కడిగి ఆరేస్తోంది," అన్నాడు డబ్ తృప్తిగా.

ఒఫీలియా ఆ వేలు అలాగే ఆడిస్తూ, గొంతు బాగా తగ్గించి అంది: "నేను కంచె దగ్గర అడగ్గానే వాణ్ణి బయటికి లాగి బతికించారు, మీరు చెప్పినట్టే నలుగురి ముందూ మిమ్మల్ని తిట్టాను, ఆ యూనివర్సిటీ ఆయన వెళ్ళిపోయాడు, ఇక చాలు కోచ్, నిన్న ఆటలో తలకి దెబ్బ తగిలినప్పట్నించీ వాడికి ఇవాళ ఏ రోజో కూడా తెలియట్లేదు, బండి వెనక గుమ్మానికి తెచ్చి ఇప్పుడే ఆసుపత్రికి తీసుకెళ్ళండి."