జిన్ టీచరమ్మ

ఫోను మోగుతూనే ఉంది. నోలా కాసేపు దానివైపు చూసి, తీసింది.

"హలో, సారా బట్టీ సామాన్ల షాపేనండీ?" మగ గొంతు. వెనక గాలి హోరు.

నోలా ఖాళీగా ఉన్న ఇంటివైపు ఒకసారి చూసింది.

"చెప్పండి," అంది.

"నా పేరు ఫెర్గస్. ఒటౌటౌ ఊరి అవతల గొర్రెలు కాస్తుంటాను. మీ రాగి బట్టీ పార్సిల్లో వచ్చింది. దాంతోపాటు వచ్చిన కాగితాన్ని మా కుక్క నమిలేసింది. మీ నంబరున్న ముక్కే మిగిలింది. ఇంట్లోనే జిన్ మందు చేసుకుందామని నా ఆశ. ఎలాగో కాస్త చెప్తారా?"

"ఇప్పుడు వీలు కాదండీ. వచ్చే శనివారం ఇదే వేళకి చెయ్యగలరా?"

"చేస్తాను. నేనెక్కడికి పోతాను, గొర్రెలు పోనివ్వాలిగా."

శనివారం చేశాడు. నోలా సిద్ధంగా ఉంది. గోరువెచ్చని నీళ్లలో పంచదార కలపమంది. పులవడానికి ఈస్టు వెయ్యమంది. మూత బిగించొద్దంది, గాలి పోవాలంది. అతను ప్రతి మాటా తిరిగి అప్పజెప్పాడు, బడిపిల్లాడిలా.

పై శనివారం బట్టీ ఎక్కించాడు. షెడ్డు తలుపులు బార్లా తీసి పెట్టమంది నోలా.

"మొదట దిగేది పారబొయ్యండి. ఒక్క చుక్క కూడా నోట్లో పెట్టొద్దు."

"గోళ్లరంగు తుడిచే మందు వాసనొస్తోంది."

"అదే. పారబొయ్యండి."

"కుక్కకి పొయ్యనా? కాగితం నమిలిన పాపానికి?"

నోలా నవ్వింది. నవ్వాక తన నవ్వు తనకే కొత్తగా వినిపించింది.

మిగతా వారమంతా ఆ ఫోను మోగేది కాదు. కిటికీ అద్దాల మీద ఇన్వర్‌కార్గిల్ ఊరి వాన కొడుతూ ఉండేది. నోలా ఒక్కతే టీ పెట్టుకుని, ఒక్కతే తాగి, ఆ ఒక్క కప్పూ కడిగి బోర్లించేది. శనివారం పొద్దున మాత్రం జుట్టు దువ్వుకుని, కుర్చీ ఫోను పక్కకి లాక్కునేది. ఫోన్లో జుట్టు కనపడదని ఆమెకూ తెలుసు.

"మీతో మాట్లాడినప్పుడే నాకూ ఒక గొంతుందని గుర్తొస్తుంది," అన్నాడు ఫెర్గస్ ఒకసారి. "మిగతా రోజుల్లో కుక్కని తిట్టడానికే పనికొస్తుంది అది."

నోలా ఫోను ఇంకో చెవికి మార్చుకుంది. "బొగ్గుపొడిలో వడగట్టారా?" అని అడిగింది.

"వడగట్టాను టీచరమ్మా. ఇక వాసనకి జునిపర్ కాయలు వెయ్యనా?"

"ఇంకో వారం ఆగండి. తేరుకోవాలి."

తేరుకోవడానికి అంత టైము అక్కర్లేదు. ఆ సంగతి నోలాకి తెలుసు. కానీ జిన్ తయారైతే పాఠం అయిపోతుంది. పాఠం అయిపోయాక ఎవరైనా టీచరుకి ఫోన్ చేస్తారా?

వారం గడిచింది. ఇక ఆపడానికి ఆమెకి సాకు దొరకలేదు.

"జునిపర్ కాయలు ఒక గుప్పెడు. అందులో సగం ధనియాలు. నిమ్మతొక్క పైపైన గీరండి, తెల్లది రాకూడదు. రాత్రంతా నానబెట్టి, నీళ్లు కలిపి, మళ్లీ కాచండి."

"ధనియాలు ఎక్కువైతే?"

"కూర అవుతుంది."

అతను పగలబడి నవ్వాడు. "ఇన్నాళ్లలో ఒక్క సామాను కూడా కొనమనలేదు మీరు. ఇలాగైతే షాపు మూసుకోవాల్సిందే."

"అన్నీ మీ ఊళ్లోనే దొరుకుతున్నాయిగా."

"అదేంటి, పేజీలు తిప్పుతున్న చప్పుడు?"

"కాగితాలు సర్దుకుంటున్నాను," అంది నోలా.

ఆ తర్వాతి శనివారం అతను ఫోన్లోనే గ్లాసు ఎత్తాడు. మింగిన చప్పుడు వినబడింది. గ్లాసు బల్ల మీద పెట్టిన చప్పుడూ వినబడింది.

"ఎలా ఉంది, ఫెర్గస్ గారూ?"

"ఆగండి." ఇంకో గుటక వేశాడు. "మంచు పడ్డ పొద్దున కొండెక్కి గాలి పీల్చినట్టుంది."

నోలా కళ్లు మూసుకుంది. ఆ రుచి ఎలా ఉంటుందో ఊహించడానికి ప్రయత్నించింది.

"మన న్యూజిలాండ్‌లో మందు కాచుకోవచ్చు, పంచుకోవచ్చు, అమ్మితేనే నేరమట కదా," అన్నాడు అతను. "పంచడానికి ఎవరున్నారా అని చూశాను. కుక్క, మీరు. కుక్క ముట్టదు. అందుకని వచ్చే శనివారం షాపుకే తెచ్చిస్తాను, పార్సిల్ మీద అడ్రసుంది. పదకొండింటికి."

"అయ్యో వద్దు, అంత దూరం..."

"గొర్రెలకి చెప్పేశాను టీచరమ్మా. మీ ముఖం చూసినట్టూ ఉంటుంది."

ఆమె ఇంకేదో చెప్పబోయింది. అప్పటికే పెట్టేశాడు. తిరిగి చేద్దామంటే అతని నంబరు ఆమె ఎప్పుడూ అడగలేదు.

ఆ వారమంతా ఆమెకి అదే ఆలోచన. వచ్చి, చూసి, ఇక ఫోనే చెయ్యకపోతే? ఫోను మోగని ఇల్లు మళ్లీ ఎలా ఉంటుందో ఆమెకి తెలుసు. పాత బీరువాలోంచి నీలం స్వెటర్ తీసి ఇస్త్రీ చేసింది. మడిచి పెట్టేసింది. మళ్లీ తీసింది.

శనివారం పెందలాడే బస్సెక్కింది. షాపు తెరిచే వేళకే గుమ్మం ముందుంది. వాన వెలిసింది. అద్దంలోంచి రాగి బట్టీలు వరసగా మెరుస్తున్నాయి. లోపల ఎర్రగడ్డం యజమాని డబ్బాలు సర్దుకుంటున్నాడు.

నోలా తలుపు తోసుకుని లోపలికి వెళ్లి, జిన్ కాచే పద్ధతుల లైబ్రరీ పుస్తకమున్న చేతిసంచీని గుండెలకి ఆనించుకుని, "బాబూ, మీ షాపనుకుని ఇన్నాళ్లూ మా ఇంటికి ఫోన్ చేసిన ఒకాయన పదకొండింటికి ఇక్కడికి వస్తున్నాడు, ఒక్క పావుగంట నన్ను ఆ బల్ల వెనకాల నిలబడనిస్తారా?" అని అడిగింది.