ఎడమ కాలి కొలత

"రాత్రి బస్సెక్కి, పొద్దున డాక్టరుకి పిల్లని చూపించి, సాయంత్రమే తిరుగు బస్సెక్కితే గది అద్దె మిగులుతుంది కదండీ!" అంది భార్య, చొక్కాకి గుండీలు కుడుతూ.

"బస్సులో నడుం విరుగుతుంది. రైలయితే చవక," అన్నాడు దర్జీ, మిషను ఆపకుండానే. "అసలు ఈసారికి మానేద్దాం. చెప్పులరిగేలా తిరుగుతున్నాం. వంగిన మోకాలు చూస్తే, ఎక్కడ వేసిన గొంగళి అక్కడే!"

"మానేసేవారు ప్రయాణానికి కొత్త ప్యాంటు ఎందుకు కుడుతున్నట్టో?"

దర్జీ వినిపించనట్టు దారం కొరికి, ప్యాంటు కూతురికిచ్చాడు. మోకాలు చాపలేని ఎడమ కాలి వైపు రెండు వేళ్లు పొట్టిగా కత్తిరించడం ఆయన చేతికి ఎప్పటినుంచో అలవాటు. దానికి టేపుతో పనే లేదు.

పిల్ల మోకాలిపట్టీ విప్పి, ప్యాంటు తొడుక్కొచ్చింది.

"నాన్నా, పాడుచేశావు! ఈ కాలు పొట్టిగా ఉంది."

"సరిగ్గా నిలబడమ్మా."

"సరిగ్గానే నిలబడ్డాగా!"

దర్జీ కిందకూర్చుని అంచు లాగి చూశాడు. చీలమండ పైన రెండు వేళ్ల ఖాళీ. మెడలోని టేపు తీసి కుడికాలు కొలిచాడు, ఎడమకాలు కొలిచాడు. నమ్మకం చాలక మళ్లీ కొలిచాడు.

"ఇంత పేరున్న దర్జీ, కొలత తప్పారా?" భార్య నవ్వింది.

"తప్పానే," అన్నాడాయన. వంచిన తల ఎత్తకుండానే అంచు మడత విప్పసాగాడు. "రైలుకే వెళ్దాం. బస్సులో చోటు చాలదు. అమ్మాయి కాలు చాపుకోవాలి."