చేతిలోకి తీసుకున్నవాడి మాట

"పట్టుకో బీరన్నా, ఒరల ఉన్న కత్తి కరవది" అన్నాడు మారయ్య సారు.

గడప పక్కన గొంగడి కప్పుకుని కూర్చున్న బీరన్న చేతులు ఇంకా లోపలికి లాక్కున్నాడు.

"వద్దు సారూ. మీరు చెప్పుండ్రి, నేను వింట."

ప్రతి ఆదివారమూ ఇదే వరస. జడ్చర్ల బడిలో పాఠాలు చెప్పి పింఛను పుచ్చుకుంటున్న మారయ్య సారుకు పాత ఆయుధాలంటే పిచ్చి. గోడ నిండా కత్తులు, కటార్లు, బరిసెలు, ఒక తోలు డాలు. వాటన్నిటికీ కచేరీలో అనుమతి కాగితం రాయించుకున్నాడు. ఆదివారం పొద్దున నలుగురు కూడి వాటి ముచ్చట్లు చెప్పుకునేవారు. వాళ్ల కట్టుబాటు ఒక్కటే. వస్తువు చేతిలోకి తీసుకున్నవాడు దాని గురించి మాట్లాడాలి, నిజమే మాట్లాడాలి. గొప్పలు కోసేవాళ్లను అదుపులో పెట్టడానికి సారే పెట్టిన కట్టుబాటు అది.

ఆ నలుగురిలో ఒకాయన పోయాడు. ఇంకొకాయన మంచం పట్టాడు. మిగిలింది సారూ, దర్జీ భిక్షపతీ. కొత్తగా వచ్చింది ఈ బీరన్న ఒక్కడే. ఎవరి పిలుపూ లేకుండా వచ్చాడు, గడప దాటి లోపలికి రాడు, నోరు విప్పడు. వినడం మాత్రం ప్రాణం పెట్టి వింటాడు. డాలు మీద పడ్డ గంటు కథ సారు చెబుతుంటే వాడి చేతిలో చాయ్ చల్లారిపోయేది.

"నవ్వుతరని భయమా?" అన్నాడు భిక్షపతి. "కటారును మొదటిసారి చూసినప్పుడు నేను కత్తెర అనుకున్న తమ్మీ. బట్ట తెండ్రి, కత్తిరిస్త అన్న. సారు నవ్విండా? నవ్వలె."

"లోపలికి పోయి నవ్విన" అన్నాడు సారు.

బీరన్న కూడా నవ్వాడు. కానీ చేతులు గొంగడిలోనే ఉన్నాయి.

"పిలగాన్ని జర సతాయించకుండ్రి" అంది సారు భార్య లక్ష్మీనర్సమ్మ. "వస్తుండు, వింటుండు. గది చాలదా?"

"చాలదే! నేను పోయినంక గివన్ని ఎవల చేతుల పెడ్తవు? పాత ఇనుము కొనెటోనికి ఏస్తవా?"

వాళ్లకు పిల్లలు లేరు.

సారుకు ఉన్న జబ్బు ఒకటే. మాట్లాడని పిల్లవాణ్ణి చూస్తే ఊరుకోలేడు. బడిలో అన్నేళ్లూ అదే పని. మాట్లాడనివాడల్లా జంకుతున్నవాడేనని ఆయన లెక్క. ఇంకో కారణం ఉంటుందేమోనని ఆ పూటైనా తట్టి ఉంటే ఎంత బాగుండేది!

"ఆగు. భిక్షపతి గూడ చూడనిది నీకు చూపిస్త" అని పీట వేసుకుని అటకవైపు చెయ్యి చాచాడు.

లక్ష్మీనర్సమ్మ ముఖం మారిపోయింది. "గది ఇప్పుడెందుకు తీస్తున్నరు?"

"మనోడే గదనే."

బీరన్న దిగ్గున లేచాడు. "వద్దు సారూ! నాకేం చూపియ్యకుండ్రి. నేను పోత" అని వీధివైపు తిరిగి నిలబడ్డాడు.

"గింత సిగ్గయితే ఎట్ల తమ్మీ?" అంటూ భిక్షపతి అడ్డం వచ్చి వాణ్ణి భుజాలు పట్టి వెనక్కి తిప్పాడు. అంతలో సారు పీట దిగి వచ్చి, పాత చీర చుట్ట విప్పి, పొడుగాటి తుపాకీ ఒకటి వాడి రెండు చేతుల్లో పెట్టేశాడు.

"ఒత్తి ముట్టించి పేల్చే బందూకు. మా తాత దొర గడీ కావలి కాసినప్పటిది. ఇగ చెప్పు బిడ్డా. చేతిలకు తీసుకున్నోడు మాట్లాడాలె."

బీరన్న దాన్ని పట్టుకుని మెల్లగా కింద కూర్చున్నాడు. గొట్టం చివర వేలితో తడిమి చూశాడు.

"సారూ... గిది ఉత్త ఇనుమే గద? పేలకుండ గొట్టం పూడగొట్టిందే గద?"

"పూడగొట్టుడా! ఇయ్యాల మందు కూరితే ఇయ్యాలనే పేలుతది."

"అయితే కాయితం ఉండే ఉంటది. గోడకున్న వాటికి ఉన్నట్టు."

"దీనికి లేదు. పోలీసు యాక్షన్ అయినంక తుపాకులన్ని జమ చెయ్యమన్నప్పుడు గడ్డివాముల దాసిన. తాత చెయ్యి పడ్డదాన్ని ఎట్ల ఇయ్యబుద్ధయితది?"

"చూసినవా సారూ!" భిక్షపతి చప్పట్లు చరిచాడు. "నోరు తెరిచిండో లేదో, ఎంత మంచిగ అడుగుతుండో!"

సారు కళ్లు చెమర్చాయి. ఇన్నాళ్లకు తన వస్తువులకు ఒక దిక్కు దొరికిందనుకున్నాడు. బీరన్న పక్కనే కూర్చుని, వాడి తల నిమిరాడు.

"నా తర్వాత గివన్ని నీయే బిడ్డా. ఇంకేమన్న అడుగు."

బీరన్న తలెత్తాడు. వాడి కళ్లలోనూ నీళ్లున్నాయి. అవి సంతోషంతో వచ్చినవి కావని మొదట కనిపెట్టింది లక్ష్మీనర్సమ్మే. చేతిలో గ్లాసు అక్కడే పెట్టేసి గోడను పట్టుకుంది.

"చేతిలకు తీసుకున్నోడు నిజమే చెప్పాలంటిరి గద సారూ" అన్నాడు బీరన్న తుపాకీని గుండెకు ఆనించుకుని. "మీ ఇంట్ల బందూకు నా కండ్లతోటి చూడలేదని వారం వారం ఠాణాకు పోయి చెప్తున్న. నన్ను మీ ఇంటికి తోలిన అమీన్‌సాబుకు ఇయ్యాల ఏం జెప్పాలె?"