తెర వెనక మూడు గొంతులు

"ఇది కాదంటే ఇంకేదీ వద్దు. సెలవులన్నాళ్ళూ పిల్ల ఇంట్లోనే గోళ్ళు గిల్లుకుంటూ కూర్చుంటుంది, సరేనా?" అంది దర్జీ పని చేసే ఇల్లాలు, సంగీత శిబిరం గేటు ముందు గొడుగు ముడుస్తూ.

"మన వీధి చివరి శిబిరానికేం వచ్చిందే? నడిచి వెళ్ళొచ్చు కూడా" అన్నాడు ఆమె మొగుడు. ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్.

"అక్కడ నేర్చుకుని పక్కింటి కుర్రాడు పాడితే, వాళ్ళ కుక్కే ఇల్లొదిలి పోయింది. ఇక్కడికొచ్చిన పిల్ల ఒక్కటైనా అపశ్రుతి పలికిందని విన్నారా?"

వినలేదు. అతని భయం కూడా అదే. లోపలి నుంచి వస్తున్న పిల్లల పాటలో ఒక దగ్గు లేదు, ఒక తుమ్ము లేదు, ఒక నవ్వు లేదు. కొత్తగా నూనె వేసిన లిఫ్టయినా ఎక్కడో ఒకచోట కిర్రుమంటుంది. ఇంతమంది పిల్లల్లో ఎవరూ కిర్రుమనకపోవడమేమిటి?

మధ్యలో నిలబడ్డ పిచ్చికకు ఈ గొడవేం పట్టలేదు. కూతురికి ఇంట్లో పెట్టుకున్న ముద్దుపేరది. తల్లి కుట్టిన పసుపు గౌను జేబుల్లో చేతులు పెట్టుకుని, తనకిష్టమైన పాట తనకిష్టమైన శ్రుతిలో పాడుకుంటోంది. ఆ శ్రుతి ఏ వాయిద్యానికీ అందేది కాదు లెండి.

అంతలో గేటు తెరుచుకుని ఒక తండ్రి, కొడుకు బయటికొచ్చారు.

"నాన్నా, మన ఇల్లు ఎటు?" అన్నాడు కొడుకు, పాట పాడినట్టుగా.

"చూశారా! పాటలో పడితే ఇంటి దారి కూడా గుర్తుండదు" అని ఇల్లాలు మురిసిపోయింది.

మెకానిక్ చూసింది మాత్రం ఆ తండ్రిని. కాలే గిన్నెను పట్టుకున్నట్టు, కొడుకు చేతిని వేళ్ళ కొసలతో పట్టుకుని నడుస్తున్నాడు.

లోపల హాల్లో కిటికీలన్నీ మూసి ఉన్నాయి. ఫ్యాను లేదు. అయినా చల్లగా ఉంది. నడివేసవిలో ఈ చల్లదనం ఎక్కడిదని అడగబోతే, భార్య మోచేత్తో పొడిచింది.

సంగీతం మాస్టారు సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. ఆయన నడిస్తే చెప్పుల చప్పుడు కూడా తాళం తప్పడం లేదు. పిచ్చికను చెయ్యి పట్టుకుని తెర వెనక్కి తీసుకెళ్ళి, ఒక్కడే తిరిగొచ్చాడు.

"మా దగ్గర పరీక్ష పిల్లలకు కాదమ్మా, పెద్దవాళ్ళకు. తెర వెనక ముగ్గురు పిల్లలు ఒకే పాట పాడతారు. ఏ గొంతు మీదంటే ఆ గొంతే మీ పిల్ల. తర్వాత మార్చడం ఉండదు."

"ఓస్, అంతేనా! ఆ మాత్రం చెప్పలేమా" అంది ఇల్లాలు.

మొదటి గొంతు భయం భయంగా, మంచం కింద దాక్కుని పాడినట్టు పాడింది.

రెండో గొంతు మాస్టారు చెయ్యి ఊపకముందే మొదలెట్టేసింది. మాట మధ్యలో గాలి పీల్చుకుంది. పై స్వరం ఎక్కబోయి జారిపడి, తనలో తనే కిసుక్కున నవ్వింది. మెకానిక్ ముఖం విచ్చుకుంది. ఇంకెవరు, పిచ్చికే!

అప్పుడు లేచింది మూడో గొంతు. పదునైన కత్తెర పట్టుబట్టలో సాగిపోయినట్టు, ఎక్కడా ఆగకుండా పైకి సాగిపోయింది. ఇల్లాలు ఊపిరి తీసుకోవడం మరిచిపోయింది.

"మూడోదని చెప్దాం" అంది మొగుడి చెవిలో.

"మతి పోయిందా? రెండోది కదే మనది!"

"నాకు చెవుల్లేవా? రెండోదంటే మనదాన్ని వెనక బెంచీలో పడేస్తారు. మూడోదంటే పెద్ద జట్టులో వేస్తారు. ఒకసారి చేరాక వాళ్ళే నేర్పుకుంటారు."

"రేపు పిల్ల నోరు తెరిస్తే?"

"రేపటి సంగతి రేపు చూద్దాం. మన పిల్ల నలుగురి ముందు పాడాలని లేదా మీకు?"

ఉంది. అక్కడే పడిపోయాడు మానవుడు.

"ఏ గొంతమ్మా?" అన్నాడు మాస్టారు.

"మూడోది."

"మీరూ చెప్పాలి బాబూ."

మెకానిక్ తెర వంక చూశాడు. గొంతు సవరించుకున్నాడు. "మూడోదే మాస్టారూ."

"కన్నవాళ్ళకు తెలియకపోతుందా" అన్నాడు మాస్టారు, నవ్వకుండా.

తెర కాస్త తొలగింది. ఒక పిల్ల బయటికొచ్చింది. పిచ్చిక ఎత్తే. పిచ్చిక చెప్పులే. ఆ పసుపు గౌను కూడా కొలత తీసి కుట్టినట్టు భుజాల మీద అతికిపోయింది. ముఖం మాత్రం వాళ్ళిద్దరూ ఎన్నడూ చూసింది కాదు.

ఆ పిల్ల నేరుగా వచ్చి ఇల్లాలి వేలు పట్టుకుంది. మంచుముక్క తగిలినట్టయింది.

"అమ్మా, ఇంటికి వెళ్దామా?" అంది, శ్రుతి తప్పకుండా.

"ఇది మా పిల్ల కాదు!" ఇల్లాలు కేక పెట్టింది. "మాస్టారూ, మీ కాళ్ళు పట్టుకుంటా, అబద్ధం చెప్పాం! రెండో గొంతు మాది! నా పిచ్చిక ఏదీ?"

మెకానిక్ పరుగెత్తి తెరను పట్టి లాగబోయాడు. చేతికి గుడ్డ తగల్లేదు. గోడ తగిలింది. దాన్ని రెండు చేతులతో బాదుతూ, "పిచ్చికా! నాన్ననే! పలకవే తల్లీ!" అని అరిచాడు.

"మార్చడం ఉండదని ముందే చెప్పాను కదా బాబూ" అన్నాడు మాస్టారు మెల్లగా. "అంతగా కావాలంటే ఆ పిల్లనే అడుగుదాం. ఏమ్మా రెండో గొంతూ, వీళ్ళు మీ అమ్మానాన్నలేనా?"

గోడ అవతలి నుంచి పిచ్చిక గొంతు వినిపించింది.

"మా అమ్మానాన్నలైతే నన్ను గుర్తుపడతారండీ. తర్వాతి వాళ్ళని పిలవండి."