నాలుగు కుర్చీల బస్సు

చిత్తూరు నుంచి తిరుపతికి బస్సు బయల్దేరింది.

బస్సంటే నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు. ముందొకటి, వెనక మూడు. స్టీరింగు లేదు. దాని బదులు పిండి జల్లెడ.

"రైట్ రైట్!" అని విజిల్ ఊదింది డాక్టర్ అమల. ఈ ఆటలో ఆమే కండక్టరు. ఆమె చేతిలో చీట్ల కట్ట ఉంది. ఏ చీటీ తీస్తే ఆ గండం దారికి అడ్డం పడినట్టు. డ్రైవరు ఎలాగోలా బస్సును దాటించాలి. ఆటలో ఉన్నంతసేపూ బయటి మాటలు మాట్లాడకూడదు. అదొక్కటే నియమం.

జల్లెడ పట్టుకున్న ధనంజయ మాత్రం నిజం డ్రైవరే. ఇరవై రెండేళ్లు ఇదే రూట్లో తోలాడు. పోయినేడు పూతలపట్టు దగ్గర ఒక లారీ రాంగ్ రూట్లో ఎదురొచ్చింది. బస్సును మామిడి తోటలోకి దించేశాడు. బస్సు పక్కకు ఒరిగింది. ఎవరి ప్రాణమూ పోలేదు కానీ కొందరికి కాళ్లూ చేతులూ విరిగాయి. తప్పు లారీదేనని తేల్చారు. ఆ సంగతి ధనంజయ చేతులకే తెలియలేదు. స్టీరింగు ముట్టుకుంటే చాలు, చలిజ్వరం వచ్చినట్టు వణికేవి.

రెండు నెలల్లో డిపోలో పరీక్ష. తోలితే డ్రైవరు. తోలలేకపోతే గేటు దగ్గర కాపలా. అది తలుచుకునే అన్నం సహించడం మానేసింది. అలాంటప్పుడు ఈ ఆస్పత్రి నుంచి ఫోన్ వచ్చింది, ఒకసారి వచ్చి పొమ్మని. వచ్చి చూస్తే ఈ కుర్చీలు.

"ఏమప్పా డ్రైవరూ, బస్సు తోల్తా ఉండావా, పిండి జల్లిస్తా ఉండావా?" అంది వెనక నుంచి సంతోషమ్మ. అరవై దాటిన మనిషి. ఆమె నోటికి ఏ స్టాపులోనూ బ్రేకు లేదు.

"రెండూనక్కా. దిగేటప్పుడు తలా ఒక రొట్టె ఇస్తా."

"ముందు దిగనీ మమ్మల్ని! మెల్లంగా తోలు, మెల్లంగా."

"కుర్చీ యాడికి పోతాదక్కా?"

"నువ్వు తోలే తీరుకు పోయినా పోతాది!"

ఆమె పక్కన శాంతయ్య. ఎప్పుడూ తలుపు దగ్గరే కావాలంటాడు. ఈ బస్సుకు తలుపే లేదు, అయినా ఆ చివరి కుర్చీ ఇంకొకరికి ఇవ్వడు. మూడో మనిషి హజరత్ వలి. బండి కదలకముందే నిమ్మకాయ ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకుంటాడు. తిరుపతి వచ్చేదాకా తెరవడు.

జల్లెడ కాస్త గట్టిగా తిప్పితే చాలు, ముగ్గురూ కేక పెట్టేవాళ్లు. సంతోషమ్మ అయితే డ్రైవరు కుర్చీ వీపును వేళ్లు తెల్లబడేలా పట్టుకునేది. ఏ నాటకాల కంపెనీ వాళ్లో అనుకున్నాడు ధనంజయ. మొదటి రోజే అడిగాడు.

"ఎవురు మేడమ్ వీళ్లు?"

"ప్రయాణికులు" అంది అమల. అంతే.

ఈరోజు మొదటి చీటీ గొర్రెల మంద. ధనంజయ నోటితోనే హారన్ కొట్టాడు. "గొర్రెలకు సెవుడు" అంది కండక్టరు. దిగి అదిలించి వచ్చాడు. రెండో చీటీ పెళ్లి ఊరేగింపు.

"అన్నం పెడతారేమో అడగప్పా" అన్నాడు శాంతయ్య.

మూడో చీటీ తీసి అమల ఒక్క క్షణం ఆగింది.

"ఎదురుగా లారీ. రాంగ్ రూట్లో."

ఐదు వారాలుగా ఈ చీటీ దగ్గరే ఆట ఆగిపోతోంది. జల్లెడ కింద పడేసి, బయట కొళాయి దగ్గరికి పోయి మొహం కడుక్కోవడం ధనంజయకు అలవాటైపోయింది. ఇవాళా చేతులు వణికాయి. జల్లెడలో మిగిలిన పిండి మోకాళ్ల మీద రాలింది. సగం లేచాడు.

"లేసినావంటే కాళ్లిరగ్గొడతా!" సంతోషమ్మ అతని చొక్కా పట్టి లాగింది. "కూసో. నువ్వు దిగిపోతే మమ్మల్నెవురు తీసుకపోతారు?"

"తిప్పు భాయ్" అన్నాడు హజరత్ వలి. ఆయన కళ్లు తెరిచే ఉన్నాయి. "నేనూ సూస్తా ఉండా. తిప్పు."

ధనంజయ కూర్చున్నాడు. పళ్లు బిగబట్టి జల్లెడను ఎడమకు తిప్పాడు. బ్రేకు తొక్కిన తొక్కుడుకు చెప్పు వారు తెగిపోయింది.

"లారీ పోయింది" అంది అమల.

తర్వాత చివరి కుర్చీలోంచి శాంతయ్య అడిగాడు.

"డ్రైవరప్పా, ఈడ టీకి ఆపవా?"

అందరూ పగలబడి నవ్వారు. సంతోషమ్మ నవ్వుతూనే కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఏమి నటన, ఏమి నటన అనుకున్నాడు ధనంజయ.

డిపో పరీక్షలో చేతులు వణకలేదు. ఆ సాయంత్రమే బుట్టెడు బేనీషా మామిడి పండ్లు నెత్తిన పెట్టుకుని ఆస్పత్రికి వచ్చాడు.

"మేడమ్, గెలిసినా! యాడ మన నాటకాలోళ్లు? ఈ పండ్లు ముందు వాళ్లకియ్యాల. అంత బాగా భయపడేవోళ్లను నేను సినిమాలో గూడా సూడలేదు."

"ఇప్పుడే తిరుపతి బస్సెక్కి పోయినారన్నా."

"అయ్యో! ఇంతకీ ఏ కంపెనీ వాళ్లు?"

"కంపెనీ ఏమీ లేదన్నా, ఆ దినం మామిడి తోటలో ఒరిగిన నీ బస్సులో ఉండినోళ్లే వాళ్లు, మళ్లా బస్సెక్కే ధైర్యం రావాలంటే ఈ ఆటలో ఆ డ్రైవరే తోలాలని పట్టుబట్టి నాతో నీకు ఫోన్ చేయించినారు."